పన్నెండు దాటిన లెక్క

మా అమ్మ ఒక రాత్రి గంటసేపు నోరు విప్పకుండా ఉండిపోయిన సంగతి నాకు ఇరవై ఏళ్ళ తర్వాత చెప్పింది.

1994లో మా తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ కొండకింద ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో నాలుగు రోజులుంది. పక్కమంచం మీద ఒక సవర స్త్రీ. వెంట వచ్చిన భర్తని లోపలికి రానివ్వలేదు, అతను బయట చెట్టుకింద కూర్చున్నాడు. రాత్రి పొద్దుపోయాక ఆమె లేచి కూర్చుని ఏదో చెప్పటం మొదలుపెట్టింది. డ్యూటీలో ఉన్నామె వచ్చి "నొప్పులా? ఎక్కడ? ఎప్పట్నించి?" అని తెలుగులో అడిగింది. ఆమె మళ్ళీ అదే మాట చెప్పింది. ఈమె మళ్ళీ అదే ప్రశ్న వేసింది. చివరికి "వీళ్ళకి చెప్పటం కూడా రాదు" అని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

అమ్మకి సవర కొద్దిగా వచ్చు. ఆమె చెప్తున్నది నొప్పుల గురించి కాదని, నెత్తురు పోతోందనీ అమ్మకి అర్థమైంది. అయినా లేవలేదు. గంట గడిచాక నేల తుడవటానికి వచ్చిన ఆయమ్మ చెయ్యి పట్టుకుని ఆమెకి చెప్పింది. అప్పుడు పరుగులు పెట్టారు. ఆ స్త్రీ బతికింది. బిడ్డ దక్కలేదు.

"నాకు తెలిసినాది. సెప్పనేదు," అంది అమ్మ, తలవంచుకుని పప్పు ఏరుకుంటూ.

ఎందుకు చెప్పలేదమ్మా అంటే ఆ ఉదయం జరిగింది చెప్పింది. రౌండ్సుకి వచ్చిన డాక్టరు ఏదో అడిగితే అమ్మ "ఏటి బాబూ?" అంది. మందులు వేసుకున్నావా అంటే "ఏసుకోనేదు" అంది. ఆయన ఆ మాటని అలాగే సాగదీసి అన్నాడట. వెనకున్న కుర్ర డాక్టర్లు నవ్వారట. ఇక ఈ ఆసుపత్రిలో నోరు తెరవకూడదని అమ్మ అనుకుంది. అనుకున్న రోజు రాత్రే ఇది జరిగింది.

ఆ గంట వల్లే బిడ్డ పోయిందని ఎవరూ అనలేరు. కానీ అమ్మ అనుకుంటూనే ఉంది. నేను ఆలోచించేది వేరే. ఆ వార్డులో ఇద్దరు స్త్రీలున్నారు. ఒకామెది భాషే కాదన్నారు. ఇంకొకామెది భాషే గానీ సరైంది కాదన్నారు. రెండో ఆమె నోరు మూయించటం వల్ల మొదటి ఆమె మాట కూడా ఎవరికీ చేరలేదు. మాండలికం, గిరిజన భాష అని మనం రెండు వేర్వేరు చర్చలుగా చూసేవి ఆ గదిలో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తెచ్చుకునేసరికి అమ్మ భాష నా నోట్లో మిగల్లేదు. హాస్టల్లో మొదటి ఏడాదే "ఏటి" పోయింది, రెండో ఏడాదికి "నేదు" పోయింది. సిద్ధాంత గ్రంథం మొత్తం శిష్ట వ్యావహారికంలో రాశాను. వ్యావహారికం కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి మా శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు వేదికలెక్కి మాట్లాడే మేమంతా ఆయన ఊరి ఆడవాళ్ళ భాషని ఇంట్లో వదిలేసి వస్తాం.

భాషాశాస్త్రం నా విషయం కాదు. కానీ అమ్మ ఆ మాట చెప్పిన తర్వాత నేను దాన్ని చదవటం మొదలుపెట్టాను. ఈ శాస్త్రం ఎవరికి పనికొస్తుంది? పెద్ద భాషలవాళ్ళకి డిగ్రీలు ఇవ్వటానికేనా? పక్కమంచం మీది ఆమెకి ఏమైనా చేసిందా? చెయ్యగలదా?

మొదటి జవాబు అమ్మ తెలుగులోనే దొరికింది. అమ్మ "సేసినాను" అంటుంది. నేను "చేశాను" అంటాను. అమ్మది తప్పని నాకు బళ్ళో నేర్పారు. కానీ పాత గ్రంథాల్లో రూపం "చేసినాను". దాన్ని కుదించి "చేశాను" చేసుకున్నది కోస్తా చదువుకున్నవాళ్ళు. అమ్మ ఆ "నా"ని పోగొట్టుకోలేదు. ఇక "చ" పోయి "స" రావటమంటారా, చిన్నయసూరి బాలవ్యాకరణంలో గసడదవాదేశమని మనం పరీక్షల కోసం బట్టీపట్టిన సంధిలో జరిగేది సరిగ్గా అదే మార్పు. పద్యంలో వస్తే వ్యాకరణం, అమ్మ నోట వస్తే అపభ్రంశం! ఆ రెంటికీ తేడా శబ్దంలో లేదు, పలికిన మనిషిలో ఉంది. దీన్ని చూపించటం భాషాశాస్త్రం చెయ్యగల మొదటి మేలు. నువ్వు తప్పు మాట్లాడటం లేదు, నీ మాటకి ఒక నియమం ఉంది, చరిత్ర ఉంది అని చెప్పటం.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1971లో వచ్చిన రెండోది చేనేతది. పదాల వాడుకని బట్టి తెలుగునేలని నాలుగు మాండలిక ప్రాంతాలుగా గుర్తించిందీ ఆ పనే. రైతులూ నేతగాళ్ళూ రోజూ వాడే మాటల కోసం ఊరూరా తిరిగి, వాటిని నిఘంటువులో కావ్యభాషకిచ్చే గౌరవంతో అచ్చువేశారు. ప్రామాణిక భాష అనేది ఈ నాలుగింటిలో ఒకదానికి చదువూ పత్రికలూ ఉద్యోగాలూ తోడై ఏర్పడిందే తప్ప, మిగతా మూడూ దాని నుంచి చెడిపోయి పుట్టలేదు. ఈ ఒక్క విషయం మా ఊరి బళ్ళో ఎవరైనా చెప్పి ఉంటే అమ్మ ఆ రాత్రి లేచేదేమో.

ఇప్పుడు ఆమె పక్కమంచం దగ్గరికి వెళదాం.

సవర తెలుగుకి చుట్టం కాదు. ద్రావిడ కుటుంబానిది కాదు, ముండా శాఖకి చెందింది. ఆ శాఖ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలో భాగం. అంటే మేఘాలయ ఖాసీకీ, కంబోడియా ఖ్మేర్‌కీ, వియత్నామీస్‌కీ దూరపు బంధువు. మన గుమ్మంలో వేల ఏళ్ళుగా ఉన్న భాష ఇది. 2011 జనగణన ప్రకారం మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలకు పైనే. ఇటు సీతంపేట, భామిని కొండల్లో, అటు ఒడిశా గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్నారు.

దీన్ని మొదట శ్రద్ధగా విన్న తెలుగువాడు గిడుగే. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరాడు. కొండల నుంచి వచ్చే సవరల మాట విని, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడి పెట్టి వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో చదువు చెప్పించాడు. కొండల్లో తిరుగుతూ మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నాడని చెప్తారు. 1931లో సవర వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి.

ఈ క్రమం మనం తలకిందులుగా చదువుకున్నాం. తెలుగు కోసం పోరాడిన మహానుభావుడు, తీరిక వేళల్లో సవర కూడా చేశాడన్నట్టుగా. కానీ 1906 ప్రాంతంలో ఆయన వ్యావహారిక భాష గురించి ఆలోచన మొదలుపెట్టేనాటికి సవరతో చాలా ఏళ్ళు గడిపి ఉన్నాడు. లిపి లేని, పుస్తకం లేని, పండితుడు లేని భాషకి గట్టి వ్యాకరణం ఉంటుందని కొండల్లో చెవులారా విన్నవాడికి, నోటి భాషకి నియమాల్లేవనే పండితుల మాట ఎంత అబద్ధమో తెలియదా? నాకేమో తెలుగు వచనానికి సవరలు పెట్టిన భిక్ష ఉందనిపిస్తుంది. ఆ బాకీ మనం ఎప్పుడూ లెక్కలో రాసుకోలేదు.

ఇంకో రెండు ప్రశ్నలు కూడా నాకు వదలవు. ఇంట్లో ఉండి భాష నేర్పిన ఆ మనిషి పేరు నేను చదువుకున్న పాఠంలో లేదు. ఆ మనిషికి పూటపూటా అన్నం వండిపెట్టినవాళ్ళ ఊసూ లేదు. విద్వాంసుడి కృషి అని మనం ఒక్క పేరుతో పిలిచేదాని వెనక ఎంతమంది నోళ్ళూ చేతులూ ఉంటాయో స్త్రీలకి వేరే చెప్పక్కర్లేదు.

అదే రోజుల్లో దేశం మొత్తం మీద ఇంకా పెద్ద పని జరుగుతోంది. గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషల సర్వే 1894లో మొదలై 1928లో ముగిసింది. మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు దాని పరిధిలోకి రాలేదు గనక గిడుగు లాంటివాళ్ళ పని లేకపోతే మన వైపు పెద్ద ఖాళీ ఉండేది. ఆ సర్వేలో ఒక పద్ధతి ఉంది. భాషల్ని పక్కపక్కన పెట్టి పోల్చాలి గనక అందరికీ ఒకే కథ ఇచ్చి మీ భాషలో చెప్పమన్నారు. బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథ. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఆస్తి పంపకం, కోపం, క్షమ. ఆ కథలో తల్లి లేదు. వందల భాషల్ని తూచటానికి ఎంచుకున్న రాయిలో ఒక్క తల్లి కూడా లేదు!

నేనిది తప్పులెన్నటానికి చెప్పటం లేదు. ఏ కథ అడిగితే ఆ మాటలే వస్తాయి. ఆస్తి గురించి అడిగితే ఆస్తి మాటలు. నీళ్ళాడటం గురించి, పాలు పడకపోవటం గురించి, ముట్టు తప్పటం గురించి, గర్భం జారటం గురించి అడగకపోతే ఆ మాటలు పుస్తకంలోకి రావు. రానివాటిని, ఆ భాషలో లేవని తర్వాతివాళ్ళు అనుకుంటారు. మగ అధికారి మగ దుబాసీని పెట్టుకుని మగ పెద్దమనిషిని అడిగితే ఏ సగం వస్తుందో చెప్పాలా? ప్రాతినిధ్యం లేని భాషల్లో కూడా ప్రాతినిధ్యం లేని మాటలుంటాయి. అవి ఎక్కువగా ఆడవాళ్ళవి.

సవరల విషయంలో ఇది మరీ విడ్డూరం. వాళ్ళ సమాజంలో మాటకి పెద్ద అధికారం ఆడవాళ్ళకే ఉండేది. పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970లలో ఒడిశా సవరల మధ్య ఉండి, 1993లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. చనిపోయినవాళ్ళు పూనకంలో ఉన్న స్త్రీ నోట మాట్లాడతారు. బతికున్నవాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో వాదిస్తారు, ఏడుస్తారు, నిలదీస్తారు, ఎలా చనిపోయావని ఆరా తీస్తారు. ఆ పని చేసే పెద్దలు ఎక్కువగా స్త్రీలే. 2017లో ఆయనే వేసిన మరో పుస్తకంలో, కొత్త తరం క్రైస్తవంలోకీ హిందూ ఆచారాల్లోకీ వెళ్ళాక ఆ సంభాషణలు ఎలా తగ్గిపోయాయో రాశాడు. నమ్మకం మార్చుకోవటం వాళ్ళ ఇష్టం. కానీ దుఃఖాన్ని ఇంత వివరంగా మాట్లాడగలిగిన స్త్రీలని పట్టుకుని, కొండదిగిన ఆసుపత్రిలో "చెప్పటం రాదు" అన్నారు కదా, అది నాకు మింగుడుపడదు.

ఇక మా ఇంటి సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకుండదు.

అమ్మకి సవర ఎలా వచ్చింది? మా అమ్మమ్మ వారపు సంతలో ఉప్పు, ఎండుచేపలు, పొగాకు అమ్మేది. సవర ఆడవాళ్ళు పసుపు, చింతపండు, కొండచీపుళ్ళు తెచ్చేవాళ్ళు. చిన్నప్పుడు అమ్మ ఆ తట్ట పక్కన కూర్చుని వింటూ నేర్చుకుంది. సంతలో అందరూ అనే ఒక మాట ఉండేది. కొండోళ్ళకి పన్నెండు దాటితే లెక్క రాదని. అది నేను కూడా చిన్నప్పుడు విన్నాను, నవ్వాను కూడా.

వాళ్ళ లెక్క ఎలా ఉంటుందో నేను పుస్తకాల్లో చదివాక తెలిసింది. సవరలో ఒకటి నుంచి పన్నెండు దాకా వేర్వేరు పేర్లు. పన్నెండు మిగ్గెల్. అక్కణ్ణించి పన్నెండుకి కలుపుకుంటూ పోతారు. పదమూడు మిగ్గెల్‌బోయ్, పన్నెండూ ఒకటి. ఏడు గుల్జి గనక పంతొమ్మిది మిగ్గెల్‌గుల్జి, పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్ళీ మెట్టు. ముప్ఫై రెండంటే ఇరవై పన్నెండు, ముప్ఫై మూడంటే ఇరవై పన్నెండు ఒకటి. తొంభై మూడు నాలుగిరవైలూ పన్నెండూ ఒకటి. పన్నెండూ ఇరవయ్యీ రెండూ కలిసి నడిచే ఇలాంటి లెక్క ప్రపంచ భాషల్లో అరుదని సంఖ్యావాచకాల మీద పనిచేసినవాళ్ళు సవరని ప్రత్యేకంగా ఉదహరిస్తారు. మనం 1957 దాకా రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు లెక్కపెట్టిన మనుషులమే. ఇప్పటికీ పదహారణాల తెలుగమ్మాయి అని మురుసుకుంటాం. మన పదహారు సంస్కృతి, వాళ్ళ పన్నెండు అజ్ఞానం!

ఇది చదివిన రోజు అమ్మకి ఫోన్ చేశాను. "మిగ్గెల్‌బోయ్ అంటే పదమూడట కదమ్మా," అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవునే. ఆళ్ళు మిగ్గెల్‌బోయ్ అనీవోరు. మాయమ్మ మిగ్గెల్ వరకే ఇనీది," అంది.

పదమూడు చీపుళ్ళు తెచ్చిన ఆమెకి పన్నెండు చీపుళ్ళ ఉప్పు. అమ్మమ్మ కూడా పేదదే. మొగుడు వదిలేస్తే నలుగురు పిల్లల్ని ఆ తట్ట మీద పెంచింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవటం నాకు చేతకాదు. కానీ నా చదువుకి మొదటి ఫీజు ఆ పదమూడో చీపురు నుంచి వచ్చిందేమో అనే ఆలోచన మాత్రం వస్తుంది. ఒక భాషని తక్కువ చెయ్యటం ఉట్టి మాటల అవమానం కాదు. దాని వెనక తూకం ఉంటుంది, డబ్బుంటుంది. పెద్ద వ్యాపారి దగ్గర అమ్మమ్మ మోసపోయేది, అమ్మమ్మ దగ్గర కొండ స్త్రీ మోసపోయేది.

బళ్ళో కూడా ఇదే జరుగుతుంది. ఇంట్లో పన్నెండూ ఒకటి అని నేర్చుకున్న పిల్లకి, పదీ మూడు అని వేరే మెట్లు చూపించి, పిల్ల తడబడితే లెక్కల్లో మొద్దు అంటాం. ఆ పిల్లకి రెండు పద్ధతులున్నాయని పంతులికి తెలిస్తే చాలు, తడబాటు కాస్తా పాఠం అవుతుంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి సౌకర్యం కల్పించమని 1956 నుంచీ చెప్తూనే ఉంది. 2003-04లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. గిడుగు సొంత డబ్బుతో చేసినదానికి ప్రభుత్వం పూనుకోవటానికి ఒక శతాబ్దం పట్టిందన్నమాట.

లిపి అన్నాను గనక 1936 గురించి కూడా చెప్పాలి. ఆ ఏడాది ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళింది. అది ఒప్పుకోలేక గిడుగు ఇల్లు వదిలి రాజమండ్రి చేరాడు, 1940లో చనిపోయాడు. ఆ 1936లోనే మంగెయి గొమాంగో అనే సవర తన భాషకి సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. బయటివాళ్ళ అక్షరం మాకొద్దు, మా అక్షరం మాకుండాలని. ఆ లిపి 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఈలోగా ఇటు పిల్లలకి తెలుగు లిపి, అటు పిల్లలకి ఒడియా లిపి, మిషనరీల పుస్తకాల్లో రోమన్ లిపి. ఒక భాష, నాలుగు రాతలు. సరిహద్దు గీత మగవాళ్ళు గీసింది, దాన్ని పెళ్ళి చేసుకుని దాటాల్సింది ఆడపిల్ల. ఇటు పెరిగి తెలుగు అక్షరాల్లో సవర నేర్చుకున్న పిల్ల అటు కోడలైతే, తన సొంత భాషే తనకి చదవరాదు. ఏ లిపి గొప్పదనే వాదన జరిగేచోట ఈ పిల్లని కూర్చోబెట్టి అడగాలి కదా?

2019లో సీతంపేట వైపు ఒక సవర పంతులమ్మని కలిశాను. సవర వాచకం చెప్పే అమ్మాయి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నేను టేప్ రికార్డరు తీస్తుంటే నవ్వి, "మీరు మా మాటలు రాసుకెళ్తారు కదక్కా, మళ్ళీ ఎప్పుడొస్తారు?" అంది. పరిశోధన పద్ధతుల మీద నేను చదివిన అధ్యాయాలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. నేను అమ్మ కథ చెప్పాను. ఆసుపత్రి సంగతి. ఆమె విని, "బళ్ళో ఇప్పుడు మా మాట ఉంది. మా అమ్మకి బడితో పనేముంది? ఆసుపత్రితో పని. రేషనుతో పని. అక్కడ లేదు," అంది.

వచ్చేటప్పుడు నా దగ్గర ఒక పథకం ఉంది. శరీర భాగాల పేర్లు సవరలో రాసి ఒక చిన్న పుస్తకం వేసి నర్సులకి ఇస్తే బాగుంటుందని. ఆమెతో కూర్చున్నాక అది ఎంత తెలివితక్కువ ఆలోచనో తెలిసింది. సవరలో ఒక గుణం ఉంది. నామవాచకం కురచై వెళ్ళి క్రియ కడుపులో దూరుతుంది. గేదెకి విడిగా ఒక పూర్తి పేరుంటుంది. గేదె మాంసం తినటమనే క్రియలోకి వచ్చేసరికి ఆ పేరు మొదటి ముక్క మాత్రమే మిగిలి మధ్యలో కలిసిపోతుంది. గిడుగు 1931 వ్యాకరణంలోనే దీన్ని వివరించాడు. అంటే నర్సుకి పేర్ల జాబితా ఇచ్చినా, మంచం మీది మనిషి ఆ పేరు ఆ రూపంలో పలక్కపోవచ్చు. వాక్యంలో అది వేరే వేషంలో వస్తుంది. వందేళ్ళ నాటి వ్యాకరణ సూత్రం ప్రసవాల గదిలో ఎలా పనికొస్తుందో నాకు అప్పుడు అర్థమైంది.

అందుకని పేర్లు కాదు, వాక్యాలు రాశాం. నర్సు అడగాల్సినవి పద్దెనిమిది, తల్లి చెప్పగలిగినవి ఇరవై రెండు. నెత్తురు పోతోందా, ఎంత పోతోంది, బిడ్డ కదులుతోందా, నీళ్ళు పోయాయా, చూపు మసకేస్తోందా. ఆమె తల్లినీ, మంత్రసాని పని చేసిన ఒక ముసలామెనీ కూర్చోబెట్టి అడిగింది. ఆ గదిలో మగవాళ్ళెవరూ లేరు. ముసలామె చెప్పిన కొన్ని మాటలు పంతులమ్మకే తెలియవు. "ఇదెప్పుడూ ఇనలేదక్కా," అని ఆశ్చర్యపోయింది. మాటలు చెప్పిన వాళ్ళు ముగ్గురూ ఒప్పుకున్నాక వాళ్ళ పేర్లు కాగితం పైన రాశాం. నా పేరు కింద ఉంది.

భాషాశాస్త్రం సేవ చెయ్యటమంటే నాకు తెలిసింది ఇంతే. చిన్నచూపు చూసిన మాటకి నియమం ఉందని నిరూపించటం. అడగని మాటల్ని అడగవలసినవాళ్ళు వెళ్ళి అడగటం. తీసుకున్నది తిరిగి వాళ్ళ చేతికి, వాళ్ళకి అవసరమైన చోట ఇవ్వటం. మూడోది లేకపోతే మొదటి రెండూ మన ఉద్యోగాలకే పనికొస్తాయి. అమ్మమ్మ తట్ట దగ్గర జరిగినదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

కాగితం పట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆ రాత్రి ఆమె అన్నది ఇందులో ఏదో చెప్పమన్నాను. నేను చదువుతుంటే అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఎనిమిదో వాక్యం దగ్గర "అదే" అంది. మళ్ళీ చదవమంది. మూడోసారి తనే అంది, నాకంటే బాగా. గొంతులో ఠక్కున ఆగాల్సిన చోట సరిగ్గా ఆపింది.

ఆ కాగితాన్ని ఒక ఆరోగ్య కేంద్రంలో ప్రసవాల గది గోడకి అంటించటానికి అడిగాం. అనుమతి ఇంకా రాలేదు. ఒక నర్సమ్మ మాత్రం కాపీ తీయించుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. మొన్న ఫోన్ చేసి, పద్నాలుగో ప్రశ్నకి జవాబు వాళ్ళు వేరేగా చెప్తున్నారు మేడమ్, కొంచెం సరిచేసి పంపండి అంది. పంతులమ్మకి చెప్పాను. వచ్చే ఆదివారం ముసలామె దగ్గరికి వెళ్తున్నాం. అమ్మ తను కూడా వస్తానంటోంది.